మీకు తెలుసా? ఐదో గేరు కొండెక్కదు!

తాతగారి అంబాసిడరో, నాన్నగారి ఫియటో, వేలంలో కొన్న పాత జీపో ఇంట్లో ఉన్నవాళ్లకి ఎప్పుడో ఒకప్పుడు ఈ కోరిక పుడుతుంది: దీనికి ఐదు గేర్ల బాక్సు వేయిస్తే ఎలా ఉంటుంది? దానికి జవాబు తేల్చాలంటే విశాఖపట్నం నుంచి అరకు వెళ్లే రోడ్డును మించిన పరీక్ష లేదు. దాదాపు 115 కిలోమీటర్ల దారిలో శృంగవరపుకోట మీదుగా బొడ్డవర దాకా మైదానమే. అక్కణ్నుంచి మలుపుల మీద మలుపులు, ఎత్తు మీద ఎత్తు. మొదటి సగంలో ఐదో గేరు హాయిగా ఉంటుంది. రెండో సగంలో చెయ్యి దాని వైపే పోదు. పాత బండికి కొత్త గేరుబాక్సు వేసే పనిలో ఉన్న తమాషా అంతా ఈ తేడాలోనే ఉంది.

1. ఐదో గేరు ఇంజనుకు విశ్రాంతినిస్తుంది, అంతే!

పాత కార్లలో నాలుగో గేరు అంటే ఇంజను ఒక చుట్టు తిరిగితే గేరుబాక్సు వెనక షాఫ్టు కూడా ఒక చుట్టే తిరుగుతుంది. ఐదు గేర్ల బాక్సుల్లో చాలావాటికి నాలుగోది అలాగే ఉంచి, ఐదోదాన్ని 0.8 చుట్టుపక్కల పెడతారు. అంటే ఇంజను 0.8 చుట్టు తిరిగితేనే షాఫ్టు ఒక చుట్టు తిరిగేస్తుంది. అంబాసిడర్ వెనక ఇరుసులో చుట్లని తగ్గించే క్రౌన్ పినియన్ నిష్పత్తి 4.55, చక్రం ఒక చుట్టుకు సుమారు 2 మీటర్లు నడుస్తుంది అనుకుని లెక్క వేయండి. 80 కిలోమీటర్ల వేగంలో నాలుగో గేరులో ఇంజను నిమిషానికి దాదాపు 3000 చుట్లు తిరుగుతుంది. 0.82 ఉన్న ఐదో గేరులో అయితే 2500 సరిపోతాయి. గంటకి 30 వేల చుట్లు ఆదా. చప్పుడు తగ్గుతుంది, వేడి తగ్గుతుంది, పెట్రోలూ కాస్త మిగులుతుంది.

2. ఘాట్‌లో నాలుగో గేరుకే ఊపిరి అందదు

పది అడుగుల దూరానికి ఒక అడుగు లేచే ఎత్తు ఉందనుకుందాం. నలుగురు మనుషులు, సామానుతో 1400 కిలోలున్న కారును ఆ ఎత్తు 140 కిలోల బలంతో వెనక్కి లాగుతుంది. 1489 సీసీ అంబాసిడర్ పెట్రోలు ఇంజను గరిష్ఠ టార్క్ సుమారు 10 కేజీ-మీటర్లు. అది చక్రం దగ్గరికి చేరేసరికి నాలుగో గేరులో 138 కిలోల తోపుడు అవుతుంది. అంటే ఇంజను సర్వశక్తులూ ఒడ్డినా బండి ఉన్నచోట ఉండటానికే బొటాబొటి. ఐదో గేరులో అది 113కి పడిపోతుంది. మూడో గేరులో 207, రెండో గేరులో 310. గేరుబాక్సులో, ఇరుసులో రాపిడికి పోయేది పక్కన పెట్టినా లెక్క ఇదీ. అనంతగిరి మలుపుల్లో డ్రైవరు చెయ్యి రెండుకీ మూడుకీ మధ్యే ఎందుకు తిరుగుతుందో ఈ నాలుగు అంకెలే చెప్పేస్తాయి.

3. అరకు చేరేసరికి ఇంజను పదో వంతు నీరసపడుతుంది

ఎత్తుకు వెళ్లేకొద్దీ గాలి పలచబడుతుంది. టర్బో లేని ఇంజను ప్రతి 100 మీటర్ల ఎత్తుకు సుమారు ఒక శాతం శక్తి కోల్పోతుంది. అరకు లోయ సముద్రమట్టానికి 900 మీటర్లకు పైనే ఉంది. ఆ దారిలో గాలికొండ దగ్గర రోడ్డు ఇంకా పైకెళ్లి మళ్లీ కిందికి దిగుతుంది. విశాఖ బీచ్ రోడ్డు మీద 50 హార్స్ పవర్ ఇచ్చిన ఇంజను అక్కడ 45 ఇస్తే గొప్ప. పైగా కార్బురేటర్‌కి గాలి పలచబడిందన్న సంగతి తెలియదు. కింద పోసినంత పెట్రోలే పైనా పోస్తుంది. పొగ నల్లగా వస్తుంది, ప్లగ్గులు మసి పడతాయి. కాబట్టి ఘాట్ కోసం గేరుబాక్సు ఎంచుకునేవాళ్లు ఇంజను బుక్కులో ఉన్న అంకెలో పదో వంతు కొట్టేసి లెక్క మొదలుపెట్టాలి.

4. కంపెనీయే ఐదు గేర్లు వేసి ఇచ్చిన అంబాసిడర్ ఉంది

అంబాసిడర్ పుట్టుక బ్రిటన్ కారు మారిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ నుంచి. పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పారాలో హిందుస్తాన్ మోటార్స్ దాన్ని 1957లో మొదలుపెట్టి 2014 మే వరకూ తయారు చేసింది. మధ్యలో 1992లో 1800 ఐఎస్‌జెడ్ అనే మోడల్ వచ్చింది. జపాన్ ఇసుజు 1.8 లీటర్ల పెట్రోలు ఇంజను, 75 హార్స్ పవర్, దానికి జతగా ఐదు గేర్ల బాక్సు. స్టీరింగ్ పక్కనుండే గేరు రాడ్డు నేల మీదికి దిగింది. డాష్‌బోర్డు నడిమధ్యనున్న డయళ్లు జరిగి డ్రైవరు ఎదుటికొచ్చాయి. ఇవాళ పాత అంబాసిడర్‌కి ఐదు గేర్లు కావాలనుకునేవాళ్లకి ఇదే దగ్గరి దారి. బాడీ అదే కాబట్టి గేరుబాక్సు ఎక్కడ కూర్చోవాలి, షాఫ్టు ఎంత పొడవుండాలి అన్న ప్రశ్నలకి కంపెనీయే ఎప్పుడో జవాబు చెప్పేసింది.

5. ఆ జోడీని అంతకుముందే కాంటెస్సా మోసింది

అదే కంపెనీ 1984లో తెచ్చిన కాంటెస్సాకు మూలం బ్రిటన్ కారు వాక్స్‌హాల్ విక్టర్. చూడ్డానికి దొరబాబులా ఉన్నా మొదట్లో లోపల ఉన్నది అంబాసిడర్ 1.5 లీటర్ల ఇంజనే. అంత పెద్ద ఒంటికి ఆ గుండె చాలలేదు. ఆ తర్వాత ఇసుజు 1.8 లీటర్ల ఇంజను, ఐదు గేర్లు వచ్చాకే దాని దశ తిరిగింది. ఈ ఇంజన్లు, గేరుబాక్సులు మధ్యప్రదేశ్‌లో ఇండోర్ దగ్గరి పీథంపూర్‌లో తయారయ్యేవి. అందుకే పాత బండ్ల సామాను దుకాణాల్లో 'ఇసుజు బాక్సు' అన్న మాటకి ఇప్పటికీ అంత గిరాకీ. మన కొనుగోలుదారులకి ఐదో గేరు రుచి చూపించిన మరో కారు 1990లో వచ్చిన మారుతి 1000. ఇటలీ వాళ్లకి మాత్రం ఆ రుచి ఎప్పుడో తెలుసు. 1962 నాటి ఆల్ఫా రోమియో జూలియా మామూలు ఫ్యామిలీ సెడానే అయినా ఐదు గేర్లతో వచ్చింది.

6. గేరు నేలకి దిగితే ముందు సీటులో ఒక టికెట్టు పోతుంది

అంబాసిడర్, ఫియట్ కార్లలో ముందు సీటు ఈ చివర నుంచి ఆ చివరకి ఒకటే బల్ల. గేరు రాడ్డు స్టీరింగ్ కిందే ఉండటంతో కాళ్ల దగ్గర అడ్డేమీ ఉండదు. డ్రైవరుతో కలిపి ముగ్గురు దర్జాగా, సర్వీసు బండైతే నలుగురు సర్దుకుని కూర్చునేవాళ్లు. ఫ్లోర్ గేరు వచ్చిందంటే మధ్యలో కూర్చున్న మనిషి మోకాళ్ల మధ్య రాడ్డు ఆడుతుంది. అయితే పాత పద్ధతికీ ఒక తలనొప్పి ఉంది. స్టీరింగ్ దగ్గర మీరు కదిపిన కదలిక రాడ్లు, లింకులు, బుష్షుల మీదుగా కిందున్న గేరుబాక్సుకి చేరాలి. బుష్షులు అరిగితే రెండు లింకులు ఒకేసారి కదలబోయి ఇరుక్కుంటాయి. అప్పుడు డ్రైవరు బండి ఆపి, బానెట్ ఎత్తి, ఆ లింకుల్ని చేత్తో లాగి న్యూట్రల్‌కి తెచ్చి, చేతులు గుడ్డకి తుడుచుకుని మళ్లీ బయల్దేరాలి. మైదానంలో అది ఐదు నిమిషాల పని. ఘాట్ మలుపులో వెనక లారీ హారన్ కొడుతుంటే చుక్కలు కనిపిస్తాయి.

7. ఐదోది వస్తే రెండోది పోవచ్చు

అంబాసిడర్ ఇంజను బ్రిటన్‌లో బీఎంసీ బి-సిరీస్ కుటుంబానికి చెందింది. ఎమ్‌జీబీ స్పోర్ట్స్ కారుదీ అదే కుటుంబం. ఎమ్‌జీబీ యజమానులు ఎక్కువగా వేయించుకునేది ఫోర్డ్ సియెర్రా కారులోని టైప్-9 అనే ఐదు గేర్ల బాక్సు. దాని నిష్పత్తులు 3.65, 1.97, 1.37, 1, 0.82. అంబాసిడర్ నాలుగు గేర్ల బాక్సువి సుమారు 3.8, 2.25, 1.5, 1. రెండు వరసల్నీ పక్కపక్కన పెట్టి చూడండి. అలాంటి బాక్సు మన బండికి వేస్తే ఐదోది లాభమే కానీ రెండో గేరు పట్టు 12 శాతం, మూడోది దాదాపు 9 శాతం తగ్గుతాయి. ఘాట్ అంతా ఎక్కేది ఆ రెండింటి మీదే! ఇంకో సంగతి. మొదటి గేరులో 4000 చుట్ల దాకా లాగి రెండో గేరు వేస్తే పాత బాక్సులో ఇంజను దాదాపు 2370 దగ్గర అందుకునేది. ఇందులో 2160కి పడుతుంది. హెయిర్‌పిన్ మలుపు మధ్యలో ఆ 200 చుట్లు లేకపోతే బండి గొణుగుతుంది, మళ్లీ మొదటి గేరు అడుగుతుంది. 'ఎన్ని గేర్లు?' అని అడిగేవాళ్లు చాలామంది. 'రెండోది ఎంత?' అని అడిగేవాళ్లే కొండ దారి తెలిసినవాళ్లు.

8. పోయిన బలాన్ని వెనక ఇరుసులో వెతుక్కోవచ్చు

గేరుబాక్సు ఇచ్చిన చుట్లని చివర్లో ఇంకోసారి తగ్గించేది వెనక ఇరుసులోని క్రౌన్ పినియన్. అక్కడ నిష్పత్తి పెంచితే ప్రతి గేరుకీ లాగే బలం పెరుగుతుంది. 4.55 ఉన్నచోట 5కి దగ్గరగా ఉన్నది దొరికితే అన్ని గేర్లకీ సుమారు 10 శాతం పట్టు వస్తుంది. అప్పుడు నాలుగో గేరులో ఇంజను మరీ గోలపెడుతుందే అంటారా? అందుకేగా ఐదోది ఉన్నది! ఐదు గేర్ల బాక్సు అసలు ఉపకారం ఇదే. పైన సుఖం చూసుకోవడానికి ఒక గేరు ఉంది కనుక కింద మిగతావాటిని కొండకి అనువుగా దించుకోవచ్చు. బాక్సు ఒక్కటే మార్చి ఇరుసు ముట్టుకోకపోతే లాభమంతా హైవేకే పోతుంది.

9. అంబాసిడర్ కన్నా జీపుకే ఈ మార్పు ఎక్కువ కలిసొస్తుంది

మహీంద్రా సంస్థ 1940ల చివర్లో విల్లీస్ జీపుల్ని విడిభాగాలుగా తెప్పించి ఇక్కడ బిగించడం మొదలుపెట్టింది. ఆ తర్వాత వచ్చిన సీజే-3బీ జీపుకి గేర్లు మూడే. మొదటిది 2.8, రెండోది 1.55, మూడోది 1. ఇరుసు నిష్పత్తి మాత్రం 5.38. అందుకే మైదానంలో 80 కిలోమీటర్ల వేగానికే ఇంజను 3260 చుట్లు తిరిగి గగ్గోలు పెడుతుంది. 0.82 ఐదో గేరు పడితే అది 2670కి దిగుతుంది. కింద చూస్తే 2.8 ఉన్నచోటికి 3.65 మొదటి గేరు వస్తే లాగే బలం 30 శాతం పెరుగుతుంది. అంబాసిడర్‌కి ఒకవైపే లాభమైతే, మూడు గేర్ల జీపుకి పైనా కిందా కూడా లాభమే. అసలు జీపులో గేరుబాక్సు వెనక ట్రాన్స్‌ఫర్ కేసు అనే ఇంకో చిన్న బాక్సు ఉంటుంది. దాని రాడ్డు లో రేంజిలో పెడితే ప్రతి గేరు బలమూ 2.46 రెట్లు అవుతుంది. అంటే మూడు గేర్ల జీపులో నిజానికి ముందుకు ఆరు గేర్లున్నట్టే.

10. పొట్టి జీపులో చోటే అసలు చిక్కు

సీజే-3బీ ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య దూరం 80 అంగుళాలే. ఇంజను, గేరుబాక్సు, ట్రాన్స్‌ఫర్ కేసు అయ్యాక వెనక ఇరుసు దాకా మిగిలే ప్రొపెల్లర్ షాఫ్టు బాగా పొట్టిది. ఐదు గేర్ల బాక్సు పొడవెక్కువ. అది లోపలికి రావాలంటే ట్రాన్స్‌ఫర్ కేసు వెనక్కి జరగాలి. షాఫ్టు ఇంకా పొట్టిదై నిటారుగా వాలుతుంది. చక్రం గోతిలో పడి లేచినప్పుడల్లా దాని జాయింట్లు వంగాల్సిన దానికన్నా ఎక్కువ వంగుతాయి. ఏజెన్సీలో వారపు సంతల రోజున టాపు మీద కూడా మనుషులతో, కూరగాయల గంపలతో కనిపించే కమాండర్ లాంటి పొడవాటి జీపుల్లో ఈ ఇబ్బంది ఉండదు. చోటు పుష్కలం, షాఫ్టు పొడవు. బొర్రా, కటికి జలపాతం వైపు రాళ్ల దారిలో సవారీలు మోసే జీపుల్ని ఒకసారి వంగి కింద చూడండి. ఎక్కడ ఏముందో, ఎంత చోటుందో ఇట్టే అర్థమవుతుంది.

11. వెంట్రుక మందం తేడా వచ్చినా గేరుబాక్సు పాడవుతుంది

ఇంజనుకీ గేరుబాక్సుకీ మధ్యనుండే గంట ఆకారపు పెంకును బెల్ హౌసింగ్ అంటారు. ఒక కంపెనీ ఇంజనుకి ఇంకో కంపెనీ బాక్సు బిగించాలంటే మధ్యలో మందపాటి అడాప్టర్ ప్లేటు కోయించాలి. బోల్టులు పడితే పని అయిపోయిందనుకుంటే పొరపాటు. జాగ్రత్తపరుడైన మేస్త్రి అప్పుడు డయల్ గేజిని ఫ్లైవీల్‌కి తగిలించి, దాని ముల్లును బెల్ హౌసింగ్ నడిమి రంధ్రం అంచుకి ఆనిస్తాడు. ఫ్లైవీల్‌ని చేత్తో నెమ్మదిగా ఒక చుట్టు తిప్పుతాడు. ముల్లు మొత్తం మీద అంగుళంలో వెయ్యికి 5 వంతులు మించి ఆడకూడదు. మన తల వెంట్రుక మందమే వెయ్యికి 3, 4 వంతులుంటుంది. అంతకు మించి ఆడితే గేరుబాక్సు ముందు షాఫ్టు ప్రతి చుట్టుకీ అడ్డంగా నొక్కుకుంటుంది. మొదట గేరు గట్టిగా పడుతుంది, తర్వాత బేరింగు అరుస్తుంది, ఆఖరికి ఉన్నట్టుండి గేరు జారిపోతుంది. క్లచ్ ప్లేటుది ఇంకో తమాషా. దాని నడుమ పళ్లు కొత్త గేరుబాక్సు షాఫ్టుకి సరిపోవాలి, చుట్టుకొలత పాత ఇంజను ప్రెషర్ ప్లేటుకి సరిపోవాలి. ఆటోనగర్‌లో ఆ రెంటినీ కలిపి కొత్త ప్లేటు కట్టించుకుంటారు.

12. షాఫ్టు కోస్తే బ్యాలెన్సింగ్ తప్పదు

బాక్సు పొడవు పెరిగితే ప్రొపెల్లర్ షాఫ్టును ఆ మేరకి కోసి మళ్లీ వెల్డింగ్ చేస్తారు. లేత్ మీద తిన్నగా ఉన్నట్టు కనిపించిన గొట్టం నిమిషానికి 3000 చుట్లు తిరిగేటప్పుడు చిన్న బరువు తేడాకి కూడా వణుకుతుంది. అందుకే మెషీన్ మీద తిప్పి, తేలికగా ఉన్నవైపు చిన్న ఇనుప ముక్క అతికిస్తారు. మీ షాఫ్టు మీద తపాలా బిళ్ల సైజులో అతుకులు కనిపిస్తే అవి రిపేరు గుర్తులు కావు, బ్యాలెన్సింగ్ తూకాలు. ఇంకో సూత్రం ఏమిటంటే, షాఫ్టు ముందు జాయింటు ఎంత వంగిందో వెనకదీ అంతే వంగాలి. ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ అయితే ప్రతి చుట్టులోనూ షాఫ్టు వేగం రెండుసార్లు పెరిగి తగ్గుతుంది. సీటు కింద గుయ్యిమనే రొద అదే. ఇందులో ఐదో గేరుకి ఒక చెడ్డపేరు అకారణంగా వచ్చింది. ఇంజను చప్పుడు తగ్గడంతో అప్పటిదాకా వినపడని షాఫ్టు రొద బయటపడుతుంది, జనం కొత్త బాక్సుని తిడతారు.

13. గేరుబాక్సు మారితే స్పీడోమీటర్ అబద్ధం చెబుతుంది

పాత కార్లలో స్పీడోమీటర్ కేబుల్ గేరుబాక్సు వెనక భాగంలోని ఒక చిన్న పళ్ల చక్రం నుంచే వస్తుంది. ఆ చక్రానికి ఎన్ని పళ్లుండాలో ఇరుసు నిష్పత్తిని, టైరు సైజుని బట్టి కంపెనీ తేలుస్తుంది. వేరే కారు బాక్సు వేస్తే ఆ లెక్క తప్పుతుంది. ముల్లు 70 చూపిస్తుంటే బండి 60లోనే ఉండొచ్చు. కిలోమీటర్ల లెక్క కూడా అదే నిష్పత్తిలో తప్పుతుంది కాబట్టి మైలేజీ పెరిగిందని సంబరపడేవాళ్లలో కొందరికి పెరిగింది స్పీడోమీటర్ లెక్క మాత్రమే! ఫోనులో జీపీఎస్ పెట్టుకుని రోడ్డు పక్క కిలోమీటరు రాళ్లతో సరిచూసుకుంటే నిజం తేలిపోతుంది.

14. ఖరీదైన ఆయిల్ పోసి గేరుబాక్సు చెడగొట్టొచ్చు

ఎమ్‌జీబీ గేరుబాక్సులో పోసేది ఇంజను ఆయిలే. అమెరికా పాత కార్ల మార్పిడిలో పేరున్న బోర్గ్-వార్నర్ టీ-5 బాక్సుకి పోసేది ఆటోమేటిక్ బండ్ల పలచని ఆయిల్. ఇరుసులో పోసే చిక్కటి ఆయిల్ వేరు. క్రౌన్ పినియన్ పళ్లు ఒకదానిమీద ఒకటి జారుతూ నొక్కుకుంటాయి కనుక అందులో గంధకం కలిసిన రసాయనాలు ఉంటాయి. గేర్లు గీచుకోకుండా కలిపే సింక్రో రింగులు పాత బాక్సుల్లో ఇత్తడివి. ఆ రసాయనాల్లో కొన్ని ఇత్తడిని తినేస్తాయి. అందుకే కొత్త బాక్సు బిగించాక ఆయిల్ ఎంపిక బండి పేరు చూసి చేయకూడదు, బాక్సు ఏ కారుదో చూసి చేయాలి. పేరుకి అంబాసిడరే అయినా కడుపులో ఉన్నది ఇసుజు అయితే దానికి ఇసుజు చెప్పిన ఆయిలే పోయాలి.

15. పాత డ్రైవర్లు ఒక్క గేరుకి రెండుసార్లు క్లచ్ తొక్కేవాళ్లు

గేర్లు గీచుకోకుండా పడే సింక్రోమెష్ ఏర్పాటు 1928లో అమెరికా క్యాడిలాక్ కారుతో జనంలోకి వచ్చింది. అయినా మారిస్ ఆక్స్‌ఫర్డ్ కాలం బాక్సుల్లో పై మూడు గేర్లకే ఆ భాగ్యం. మొదటి గేరు బండి ఆగి ఉన్నప్పుడు వేసుకోవాల్సిందే. ఘాట్ మలుపులో రెండో గేరు చాలక కదులుతుండగానే మొదటిది వేయాలంటే ఒక విద్య కావాలి. క్లచ్ తొక్కి న్యూట్రల్‌కి తేవాలి, క్లచ్ వదలాలి, యాక్సిలరేటర్ ఒక్కసారి ఊది ఇంజను వేగం పెంచాలి, మళ్లీ క్లచ్ తొక్కి గేరు వేయాలి. ఇదంతా రెండు క్షణాల్లో, కుడికాలు ఎక్కువ ఊదితే బండి కుదుపుతుంది, తక్కువ ఊదితే పళ్లు కర్రుమంటాయి. అన్ని గేర్లకీ సింక్రోమెష్ ఉన్న ఐదు గేర్ల బాక్సు వేయిస్తే ఘాట్‌లో నిజంగా సుఖపడేది ఇక్కడే. లెక్క తేలేది ఐదో గేరుతో, ప్రాణం హాయిగా ఉండేది మొదటి గేరుతో.

16. ఐదో గేరు పక్కింటివాడు రివర్స్

చాలా జపాన్ బాక్సుల్లో ఐదోది కుడివైపు పైన, రివర్స్ సరిగ్గా దాని కింద ఉంటాయి. నాలుగు గేర్ల అలవాటున్న చెయ్యి ఐదు నుంచి నాలుగుకి దించబోయి తిన్నగా కిందికి లాగితే? ఆ ప్రమాదం ఊహించే లోపల ఒక అడ్డుకట్ట పెట్టారు. ఐదు నుంచి నేరుగా రివర్స్‌కి పోనివ్వదు, న్యూట్రల్‌కి వచ్చి పక్కకి జరిగాకే తలుపు తీస్తుంది. పాత బాక్సు విప్పి మళ్లీ బిగించినప్పుడు ఆ చిన్న స్ప్రింగు, పిన్ను ఉన్నాయో లేదో మేస్త్రిని అడిగి మరీ చూడండి.

17. దిగేటప్పుడు ఐదో గేరు అంటే బ్రేకుల మీద అప్పు

అరకు నుంచి తిరుగు ప్రయాణంలో రెండో అంశంలోని లెక్క తిరగబడి పనికొస్తుంది. కొండ ఎక్కేటప్పుడు ఏ గేరు ఎక్కువ బలంతో లాగిందో దిగేటప్పుడు అదే గేరు బండిని ఎక్కువ బలంతో పట్టి ఆపుతుంది. రెండో గేరులో ఇంజను పట్టు ఐదో గేరులో కన్నా రెండున్నర రెట్లకు పైనే. ఐదోదిలోనో న్యూట్రల్‌లోనో దిగితే భారమంతా బ్రేకుల మీద పడుతుంది. పాత అంబాసిడర్లకి నాలుగు చక్రాలకీ డ్రమ్ము బ్రేకులే. వేడెక్కిన డ్రమ్ము వ్యాకోచించి లైనింగుకి దూరమవుతుంది, పెడల్ కిందికి పోతుంది, మాడువాసన వస్తుంది. ఎక్కిన గేరులోనే దిగాలన్న పాత డ్రైవర్ల మాటకి శాస్త్రం ఇదే. ఇరుకుచోట ఎక్కేవాళ్లకి దిగేవాళ్లు దారి ఇవ్వాలన్నది కూడా మర్యాద ఒక్కటే కాదు, మోటారు వాహనాల నిబంధన.

18. ఆ కొండే ఎక్కే రైలు 58 సొరంగాలు దూరుతుంది

ఇనుప పట్టా మీద ఇనుప చక్రానికి పట్టు తక్కువ. రోడ్డు ఎక్కినంత నిటారుగా రైలు ఎక్కలేదు. అందుకే బైలాడిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకి చేర్చడానికి 1960ల్లో వేసిన కొత్తవలస-కిరండూల్ మార్గం కొండ చుట్టూ తిరుగుతూ, 58 సొరంగాలు దూరుతూ నింపాదిగా పైకొస్తుంది. దారిలో శిమిలిగూడ స్టేషను దాదాపు 1000 మీటర్ల ఎత్తున ఉంది. రోడ్డు వేసినవాళ్లు వాలు తగ్గించే భారం అంతగా మోయలేదు, దాన్ని గేరుబాక్సుకి వదిలేశారు.

19. మార్పులు ఎక్కువైతే 'వింటేజ్' హోదా పోతుంది

50 ఏళ్లు దాటిన సొంత వాహనాలకి ప్రత్యేక వింటేజ్ రిజిస్ట్రేషన్ ఇచ్చే నిబంధనలు కేంద్రం 2021 జులైలో తెచ్చింది. కొత్త రిజిస్ట్రేషన్‌కి రుసుము 20 వేల రూపాయలు, గడువు 10 ఏళ్లు, నంబరులో 'వీఏ' అక్షరాలు. షరతు ఏమిటంటే బండి అసలు రూపంలో ఉండాలి. ఛాసిస్, బాడీ, ఇంజనుల్లో పెద్ద మార్పులు చేసి ఉండకూడదు. ఇది కాక 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఉండనే ఉంది. ఆర్సీలో రాసిన వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదని అది చెబుతుంది. ఆర్సీలో ఇంజను నంబరు, ఛాసిస్ నంబరు ఉంటాయి, గేరుబాక్సు నంబరు ఉండదు. కానీ ఐదు గేర్ల బాక్సుతో పాటు దాని ఇంజను కూడా దింపుకుంటే వ్యవహారం ఆర్టీవో ఆఫీసు మెట్లెక్కాల్సిందే, అదీ పని మొదలుపెట్టక ముందే. తెలివైనవాళ్లు పాత బాక్సునీ, పాత షాఫ్టునీ గ్రీజు పూసి గోనెసంచిలో చుట్టి అటక మీద దాస్తారు. బాడీకి కోత పడకుండా బోల్టులతోనే పని కానిచ్చినవాళ్లు ఎప్పుడు కావాలంటే అప్పుడు బండిని అసలు రూపానికి తెచ్చుకోవచ్చు.

20. ట్రయల్ హైవే మీద వేస్తే సగమే తెలుస్తుంది

పని పూర్తయ్యాక అందరూ బండిని నేరుగా హైవే మీదికి తీసుకెళ్లి ఐదో గేరు వేసి మురిసిపోతారు. కొండ దారి వాడకానికి అయితే పరీక్ష వేరేగా ఉండాలి. మనుషుల్ని నిండుగా ఎక్కించుకుని బొడ్డవర నుంచి అనంతగిరి ఎక్కండి. ఒక ఎత్తు మధ్యలో బండి ఆపి, హ్యాండ్ బ్రేకు వేసి, మొదటి గేరులో క్లచ్ మాడకుండా కదులుతుందో లేదో చూడండి. హెయిర్‌పిన్ దాటాక రెండో గేరులో పుంజుకుంటోందా, మళ్లీ ఒకటి అడుగుతోందా గమనించండి. దిగేటప్పుడు రెండో గేరులో యాక్సిలరేటర్ వదిలేసినా గేరు జారకుండా నిలుస్తోందో లేదో చూడండి. ఈ మూడూ బాగుంటే మేస్త్రికి మిగతా డబ్బు ఇచ్చేయొచ్చు. ఐదో గేరు సంగతి తిరిగొచ్చేటప్పుడు శృంగవరపుకోట దాటాక చూసుకోవచ్చు.